తపాలా బిళ్ళ చూసి కుట్టిన కోటు

మా బావ పోయాడని అక్క ఫోన్ చేసి చెప్పింది. నేను ఆమదాలవలసలో ధాన్యం కొట్టులో కూర్చుని ఆ రోజు లెక్కలు రాస్తున్నాను. "మీ బావ మరి లేడురా" అంది, అంతే. కొట్టులో చెప్పి, అరసవల్లి ఆటో ఎక్కాను.

బావ అరసవల్లిలో దర్జీ. గుడికి వెళ్ళే దారిలో చిన్న కొట్టు, ఒకే మిషను. జాకెట్లు, స్కూలు యూనిఫారాలు కుట్టేవాడు. పని చేస్తున్నంతసేపూ నోట్లో ఒక దారం ముక్క నములుతూ ఉండేవాడు. ఫ్యాను కింద కూడా చెమటలు కారే ఆ కొట్టులో కూర్చుని చలికోట్లు కుట్టాడు. ఆ సంగతి మీకు చెప్పాలనే ఇది రాస్తున్నాను.

అక్కది రొయ్యల కంపెనీలో, చలిగదిలో పని. గడ్డకట్టిన రొయ్యల పెట్టెలు దొంతర్లు పెట్టాలి. కంపెనీ ఇచ్చే కోట్లు మగవాళ్ళ కొలతవి. అక్కకి మెడ దగ్గరా మణికట్ల దగ్గరా వదులు. వేళ్ళు మొద్దుబారి, ఇంటికొచ్చాక అన్నం కలుపుకోలేకపోయేది. ఇలాగైతే పని మానుకోవాలన్నారు డాక్టరు. మానడం అక్కకి ఇష్టం లేదు. ఎవరినీ అడక్కుండా తనంతట తాను వెతుక్కున్న పని అది.

ఆ రోజుల్లోనే ఒకసారి నేను అరసవల్లి వచ్చి పోస్టాఫీసుకి వెళితే, మామూలు స్టాంపులు అయిపోయాయని పెద్దవి ఇచ్చారు. ఏదో సందర్భానికి గుర్తుగా వేసినవి. వాటి మీద మంచు ఖండం బొమ్మ. బూట్ల నుంచి తల దాకా ఒళ్ళంతా కప్పుకున్న మనిషి, పక్కన రెండు పెంగ్విన్లు, వెనక మంచు మీద పడుకున్న సీల్ జంతువు. దారిలో కొట్టు దగ్గర ఆగి బావకి చూపించాను. ఒకటి చింపి తీసుకుని, ఇది మాత్రం అంటించొద్దన్నాడు. కళ్ళద్దాలు పెట్టుకుని, మిషను బల్బు కింద చాలాసేపు చూశాడు.

"ఈడి ఒంటి మీద సలి దూరే కన్నం ఎక్కడైనా ఉన్నాదేటి, సూడు. సలికి మనిసితో పనిలేదురా బామ్మర్దీ, కన్నంతోనే పని." తర్వాత పెంగ్విన్ మీద వేలు పెట్టి, "దీనికి కుట్టినోడెవుడో గానీ, అతుకే కనబడ్డంనేదు" అని నవ్వాడు.

కంపెనీ కోటు లోపల వేసుకునేందుకు మొదటిది పత్తిదూది కూరి కుట్టాడు. అతనికి తెలిసిన వెచ్చదనం అదే. ఆ దూది తేమ పీల్చి బరువెక్కింది. అక్క దాన్ని తెచ్చి మిషను మీద పడేసి, "కోటు కుట్టమంటే పరుపు కుట్టేవు, అదీ తడిసిన పరుపు" అంది.

"అయితే దాని మీద తొంగో. ఈలోపు ఇంకోటి కుడతాను."

రెండోది బిగుతై చెయ్యి పైకి లేవలేదు. దాన్నీ విప్పేశాడు. యూనిఫారాలు ఆలస్యమై ఒకాయన కేకలేస్తే, మీ వోడు రెండ్రోజులు పాత నిక్కరేసుకున్నా సదువొస్తాది అన్నాడు. మూడోదానికి పాత రగ్గు తెచ్చాడు. పెంగ్విన్‌ని చూసే, భుజం మీద అతుకు లేకుండా మెడ నుంచి చేతి దాకా ఒకే ముక్కగా కత్తిరించాడు. పాత స్వెట్టర్ల అంచులు మణికట్లకి వేశాడు. స్టాంపులో మనిషికి ఉన్నట్టే, బొటనవేలు విడిగా, నాలుగు వేళ్ళూ కలిపి ఒక సంచీలా గ్లవుజు కుట్టాడు. ఒకదాన్నొకటి ఎచ్చబెట్టుకుంటాయన్నాడు.

అవి వేసుకుని వెళ్ళొచ్చిన రోజు అక్క అన్నం తనే కలుపుకుంది. బావ ఆ వేళ్ళ వంకే చూస్తూ తినడం మరిచిపోయాడు.

తర్వాత చలిగదిలో మిగతా ఆడవాళ్ళూ అడిగారు. అప్పటికే పట్టుకున్న గుండె జబ్బుతో ఆయాసపడుతూ కూడా ఒక్కొక్కరి కొలతా తీసుకుని కుట్టాడు. అక్క పక్కన పెట్టెలు అందుకునే అమ్మాయి కోటు ఒక్కటే, ఎడమ చెయ్యి కుట్టకుండా మిగిలిపోయింది.

దినాలయ్యాక, దాన్ని వేరే దర్జీకి ఇద్దామన్నాను.

"మీ బావ కత్తిరించిన గుడ్డ ఇంకోడి మిషనెక్కదు" అంది అక్క.

అంతకుముందు అక్క ఆ మిషను తొక్కి ఎరగదు. కుట్టింది, వంకర పోతే విప్పింది, మళ్ళీ కుట్టింది. నేను దీపం దగ్గరగా జరపడం తప్ప ఏమీ చేయలేదు.

పనిలోకి తిరిగి వెళ్ళిన పొద్దున, కంపెనీ వ్యాను ఆగగానే ఆ అమ్మాయిని కిందికి దింపి, రోడ్డు మీదే కోటు తొడిగింది. గుండీలన్నీ పెట్టించి, పెట్టె ఎత్తినట్టు చేతులెత్తమంది. లోపల ఆడవాళ్ళు నవ్వుతున్నారు. డ్రైవరు హారన్ కొడుతున్నాడు. అక్క ఆ కోటు ఎడమ చేతి కుట్టు పొడుగునా లాగి లాగి చూస్తోంది. మండే ఎండలో, మొహమంతా చెమటతో, ఆ అమ్మాయి రెండు చేతులూ పైకెత్తి అలాగే నిలబడింది.