ఎండిపోయిన దూదిపుల్ల

నలభై ఏళ్లకు పైగా ఒక అబద్ధాన్ని మోస్తున్నాను. రెండే రెండు మాటల అబద్ధం. నా చేత్తో రాసి, కింద సంతకం పెట్టింది. దాని వల్ల ఒక ఆడమనిషి చెయ్యి నా కళ్లముందే విరిగింది. మీరెవరో నాకు తెలీదు, నేనెవరో మీకు చెప్పను. వినండి, చాలు.

డెబ్బైల చివర్లో వరంగల్‌లో ఒక దవాఖాన ల్యాబులో పని చేసేవాణ్ణి. గొంతులో ఏ క్రిములున్నాయో తెలియాలంటే దూదిపుల్లతో గొంతు తుడిచి, ఆ తడిని గొర్రె రక్తం కలిపిన ప్లేటు మీద రాయాలి. మర్నాటికి క్రిములు చుక్కలు చుక్కలుగా పెరుగుతాయి. ఆ రక్తం తేవడం నా పని. పొద్దున్నే కటికాయన దగ్గరికి పోయి, గొర్రె మెడ తెగగానే గాజుపూసలు వేసిన సీసా కింద పట్టాలి. అది కాళ్లు కొట్టుకుంటూనే ఉంటుంది. గడ్డకట్టకుండా నేను సీసా ఊపుతూనే ఉండాలి. వెచ్చటి రక్తం మోచేతుల దాకా చిమ్మేది.

ఆ రోజు కొత్త టెర్లిన్ చొక్కా తొడుక్కున్నాను. తెల్లది. అద్దంలో చూసుకుని, ఇవాళ పోను అనుకున్నాను. అంతే. నిజంగా అంతే. ఇంతకన్నా పెద్ద కారణం ఏదైనా దొరుకుతుందేమోనని ఎన్నిసార్లు వెతుక్కున్నానో.

ఆ పగలే పిల్లల వార్డు నుంచి ఒక దూదిపుల్ల వచ్చింది. నాలుగేళ్ల ఆడపిల్లది. పది రోజులుగా జ్వరం, ఎర్రటి కళ్లు, పగిలిన పెదాలు. గోళ్ల దగ్గర మొదలై వేళ్ల తోలు పొరలుగా ఊడుతోంది. తండ్రి మగ్గం నేస్తాడు. తల్లి ఇంటి వెనక కాగులో నూలుకు రంగు ఉడికిస్తుంది. బిడ్డ చేతులు ఆ మరిగే రంగులో పడ్డాయని, భార్య దాస్తోందని అతని అనుమానం. గొంతులోని క్రిముల విషం వల్ల కూడా తోలు ఊడొచ్చని డాక్టరు గారు అతన్ని ఆపారు. రిపోర్టు వచ్చేదాకా ఆగమన్నారు.

ప్లేటు లేదు. దూదిపుల్ల నా బల్ల మీదే ఎండిపోయింది. మళ్లీ తీసి పంపమని అడగొచ్చు. అడిగితే, రక్తం ఎందుకు తేలేదంటారు. మర్నాడు కాగితం మీద రాశాను: క్రిములు లేవు.

గంటలోపే ల్యాబు ముందు అరుపులు వినిపించాయి. ఆ బిడ్డ తండ్రి ఒక చేతిలో నా కాగితం. రెండో చేతిలో భార్య జుట్టు. వరండా స్తంభానికేసి ఆమె మొహాన్ని రెండుసార్లు కొట్టాడు. పెదవి చీలి రక్తం గడ్డం మీదుగా కారింది.

"క్రిములు లేవంట! మరి బిడ్డ తోలెట్ల ఊడిందే? కాగుల చేతులు వడ్డయ్ గదనే!"

ఆమె అతన్ని చూడలేదు. గుమ్మంలో నిలబడ్డ నన్ను చూసింది. నోటినిండా రక్తంతోనే అడిగింది.

"సారూ, మీరు మంచిగ జూసిండ్రా? జర ఇంకోపారి జూడుండ్రి సారూ, మీ కాల్మొక్త."

"చూసినమ్మా," అన్నాను. "ఏం లేదు."

అతను కిందున్న స్టీలు టిఫిన్ క్యారియర్ ఎత్తాడు. తలకు అడ్డం పెట్టుకున్న ఆమె కుడి చేతి మీద పడిందది. ఎముక విరిగిన చప్పుడు నాకు వినబడింది. వేలాడుతున్న ఆ చేతి మీదే మళ్లీ కొట్టాడు. నలుగురు లాగేదాకా కొడుతూనే ఉన్నాడు. ఆ నలుగురిలో నేను లేను. గోడకు ఆనుకుని, చొక్కా మీద ఏమైనా పడిందా అని చూసుకున్నాను. పడింది.

జ్వరం తగ్గిందని మూడో రోజు బిడ్డను తండ్రి తీసుకెళ్లిపోయాడు. తల్లి కట్టుతో ఎముకల వార్డులోనే ఉండిపోయింది. నేను అటు పోలేదు.

ఎనభైల్లో కొత్తగా వచ్చిన డాక్టరమ్మ ఒక పుస్తకంలో ఫొటో చూపించింది. గోళ్ల దగ్గర తోలు ఊడుతున్న చిన్న వేళ్లు. పిల్లల రక్తనాళాలు వాచే జబ్బట, గుండె నాళాలను కూడా వదలదట. క్రిములతోనా అని అడిగాను. బ్యాక్టీరియా విషమేమోనని కొందరి అనుమానం, ఇంకా తేలలేదు, గొంతు పరీక్షలో ఏమీ దొరకకపోవచ్చు కూడా అంది. నాకు ప్రాణం లేచొచ్చింది. అంటే, ప్లేటు పెట్టినా ఏమీ పెరిగేది కాదేమో, నేను రాసింది నిజమేనేమో. ఆ 'ఏమో'ను పట్టుకుని ఎన్నేళ్లు బతికానో. సిగ్గు లేదా నాకు? ఆ తల్లి అడిగింది క్రిములున్నాయా అని కాదు కదా. చూశారా అని. చూడలేదు, రేపటిదాకా ఆగండి అని ఉంటే, ఆ పూటకైనా ఆ క్యారియర్ లేచేది కాదు.

ఆ చేత్తో ఆమె మళ్లీ నూలు ముట్టగలిగిందా? ఆ పిల్ల గుండె ఏమైంది? నాకు తెలీదు. తెలుసుకోవడానికి భయపడ్డాను. ఇప్పుడు క్షమించమని కూడా అడగను. ఆమె అడిగిన దానికి జవాబు ఒక్కటి చెప్పాలి, ఇక్కడైనా.

లేదమ్మా. నేను చూడలేదు.