వంటింటి స్పీకరు

మొన్న సంధ్యవేళ వంటింట్లో లైటు వేయగానే గోడమీది స్పీకరు డబ్బా మూలిగింది. అది మూలగడం మా ఇంట్లో కొత్త కాదు. కానీ దానికి పాట పంపే రేడియో ముందరింట్లో, వీధివైపు గదిలో, ఆపేసి ఉంది. అంటే ఆ మూలుగు కరెంటుదని నాకు తట్టేలోపే, కాళ్లూ చేతులూ కడుక్కొని వచ్చిన మా ఇద్దరు పిల్లల్లో చిన్నది, ఐదేళ్లది, పీట ఎక్కి, డబ్బా ముందున్న ఇనప జాలీ వైపు తడిచెయ్యి చాపింది. పాట వస్తున్నప్పుడు దానిమీద అరచెయ్యి పెడితే చక్కిలిగిలి పుడుతుందని దానికదొక ఆట. రెక్క పట్టి గుంజాను. "ఊకెనే పెడుతుంటి గదా అమ్మా, ఎందుకు గుంజినవ్?" అని ఏడుపు ఎత్తుకుంది. మెయిన్ స్విచ్ దించి, చీకట్లో పిల్లను పట్టుకొని కూర్చున్నాను.

ఆ తీగ మా మామ వేసింది. నేను నిజామాబాద్‌లో డిగ్రీ ముగించి బోధన్‌లోని ఈ ఇంటికి కోడలిగా వచ్చేనాటికి రేడియో ముందరింట్లో ఉండేది. చక్కెర ఫ్యాక్టరీకి చెరుకు బండ్లు తోలి వచ్చిన రైతులు సాయంత్రాలు అక్కడ చేరేవారు. మగవాళ్లున్న చోట ఆడవాళ్లు కూర్చోరాదన్నది అత్తమ్మ చిన్ననాటి నుంచి పాటించిన మర్యాద. తలుపు చాటున నిలబడి పాట వినేది. పొయ్యి మీద పప్పు మాడేది. మూడు రోజులు వరసగా మాడిన పప్పు తిన్నాక మామ బజారుకు పోయి ఒక పాత స్పీకరు, దానికి తీగ కొనుక్కొచ్చారు.

అయితే ప్రతి దసరాకు ఇంటి గోడలకు సున్నం వేసేది ఆయనే. కొత్త మేకు కొడతామంటే తన ఒంటికి కొట్టినట్టు విలవిల్లాడేవారు. కరెంటు తీగ పోయే చెక్కపట్టీ ఉండనే ఉంది. దాని రేకు క్లిప్పుల కిందే స్పీకరు తీగనూ దూర్చి, పొయ్యి మీదుగా తీసుకొచ్చారు. పాట వచ్చింది. లైటు వేస్తే దాంతోపాటు మూలుగూ వచ్చింది. "పాటలు పెట్టే హైదరాబాద్‌ల వాన వడుతుందేమో" అన్నారు మామ. ఉపాయం అత్తమ్మే కనిపెట్టింది: "లైటు తీసెయ్యి బిడ్డా, పాటొస్తుంది." ఆ తర్వాత ఏళ్ల తరబడి పాటల వేళ మా వంటింట్లో పొయ్యి వెలుగే. ఆ ఎర్రటి వెలుగులో రొట్టెలు కొడుతూ ఆమె సన్నగా గొంతు కలిపేది.

"వినవడుతుందా?" అని ముందరింట్లోంచి మామ అడిగేవారు.

"నీ మాటలే ఎక్కువ వినవడుతున్నయి" అనేది అత్తమ్మ.

మామ కన్నుమూసి ఏడాదిన్నర అయింది. ఇప్పటికీ పాట మొదలుకాగానే అత్తమ్మ రొట్టె కొట్టడం ఆపి, ఆ ప్రశ్న వస్తుందేమోనన్నట్టు ఒక్క క్షణం ఆగుతుంది.

మా ఆయన ఫ్యాక్టరీ షిఫ్టులో ఉండటంతో, పక్కింట్లో ఉండే కరెంటు పని చేసే అతన్ని పిలిచాను. టార్చి వేసి చూశాడు. పొయ్యి సెగకు రెండు తీగల రబ్బరూ పగిలి లోపలి రాగి ఒకదానికొకటి ఆని, కరెంటు స్పీకరు దాకా పాకుతోంది.

"పాట తీగెను కరెంటు తీగె పక్కన పోనియ్యొద్దక్కా. ఇది తీసేసి, ఆ దిక్కు గోడకు మేకులు కొట్టి కొత్తది గుంజుత."

అత్తమ్మ గోడకు అడ్డంగా నిలబడింది. "ఆయన ఒక్క మేకు కొట్టనియ్యలే. నేను కొట్టిస్తనా? తీసెయ్ బిడ్డా. పాట మన పోరి కంటే ఎక్కువనా?"

"మరి పాటలు, అత్తమ్మా?"

"ఇన్నేండ్లు విన్న గదా" అంటూ, అతను ఊడదీసిన తీగను చుట్టచుట్టి ఒళ్లో పెట్టుకుంది.

ఆ మాటే నన్ను పడుకోనివ్వలేదు. వంటింటి నుంచి ముందరింటికి పది అడుగులు. ఆ దూరానికి ఆయన అంత తీగ వేశారు గాని, ఆమెను రమ్మనాలని ఆయనకు తోచలేదు, చదువుకున్న నాకూ తోచలేదు. పది అడుగులకు మా ఇంట్లో ఒక జీవితకాలం పట్టింది.

తెల్లవారి పిల్లలిద్దరూ ముఖాలు కడుక్కొని రాగానే చెప్పాను: "గోడకున్న ఏ తీగనూ ముట్టొద్దు. పొద్దూకి పాటలు మొదలైనంక అవ్వను చెరో చెయ్యి పట్టుకొని ముందరింట్లకు తోల్కరాండ్రి. రానంటది. అయినా చెయ్యి ఇడవొద్దు."