రెండు పాళీల గది

మేం ఊరు వదిలి పనికొచ్చిన ఉధ్నాలో మా గది చవక అని తెలిసినవాళ్లంతా అనేవాళ్లు. చవక కాక ఏమవుతుంది? అందులో ముగ్గురం కాపురమున్నా, ముగ్గురం ఒకేసారి ఎప్పుడూ లేం. మా ఆయనది పగటి పాళీ. ఆయన బాబాయిది రాత్ పాళీ. ఆ పెద్దమనిషిని మా ఆయన కాక అనేవాడు, నేను మామ అనేదాన్ని. ఒకరు లేచి సాంచాల మీదికి పోతుంటే, అంటే బట్ట నేసే మరమగ్గాల మీదికి, ఇంకొకరు వచ్చి అదే చాప మీద నడుం వాల్చేవారు. పగలు మామ పడుకుంటే నేను పొయ్యి తీసుకుని వరండాలోకి పోయేదాన్ని.

"ఇల్లు ఇరకాటం, ఆలి మర్కటం అంటరు. నీకు రెండూ దొరికినయిరా" అని మామ మా ఆయనను ఆటపట్టించేవాడు. నేను గంటె ఎత్తేదాన్ని. అయినా నవ్వొచ్చేది.

అక్కడ ఊరికే వచ్చేది గాలి ఒక్కటే, అందులో కూడా నూలు దుమ్ము. చిన్న సిలిండర్లో గ్యాస్ కిలోల లెక్కన పోయించుకోవాలి. ఊళ్లో ఎవరి పెరట్లోనైనా తెంపుకునే కరివేపాకును కూడా కొనుక్కోవాలి. అడాజన్ వైపు ఫ్లాట్ల సంగతి సరే, అటు మేం కన్నెత్తి చూసిందే లేదు. పాండేసరలో గదులు ఇంకా చవకే గానీ, మామ మోకాళ్లకు అంత దూరం నడక పడదు, రోజూ ఆటో ఎక్కే తాహతు మాకు లేదు. రెండు జీతాలు కలిస్తేనే ఆ గది నిలిచేది. ఒకటి ఆగితే ముగ్గురమూ రోడ్డు మీదే.

లాక్‌డౌన్ అన్నారు. మా గది కిందనే సాంచాల కార్ఖానా. నేను కాపురానికి వచ్చినప్పటి నుంచీ గూట్లో స్టీలు గ్లాసులు ఒకదానికొకటి తగిలి గలగలమంటూనే ఉండేవి. ఆ రోజు ఆగిపోయాయి. గ్లాసుల వైపు చూస్తూ నిలబడ్డాను. చప్పుడు ఆగితే హాయిగా ఉండాలి కదా, నేను మాత్రం డబ్బాలో బియ్యం ఎన్ని రోజులకు వస్తాయో లెక్కేసుకున్నాను.

మొదటిసారి రాత్రిపూట ముగ్గురం ఒకేసారి గదిలో ఉన్నాం. చాప ఒక్కటే. మామ గోడకు ఆనుకుని కూర్చుని కునికేవాడు. పడుకో మామా అంటే, "జర కూసుంటేనే నయముంటది బిడ్డా" అనేవాడు. ఊరికి పోదామా అని మా ఆయన అడిగితే మామ తల అడ్డంగా ఊపాడు. గది వదిలితే మళ్లీ దొరకదు, అద్దె పెరుగుతుంది, సాంచాలు తెరిచిన రోజు దగ్గరున్న వాడికే పని అన్నాడు. మామ చెప్పింది నిజమే. నిజం కాబట్టే కదల్లేదు.

మామకు దగ్గు ఎప్పుడూ ఉండేది. నూలు దుమ్ము మింగిన ప్రతివాడికీ ఉండేదే. ఇన్నేళ్లూ సాంచాల మోతలో అది ఎవరికీ వినిపించలేదు. ఇప్పుడు ఒక్కసారి దగ్గితే మెట్ల మీద తలుపులు మూసుకునేవి. వాడకట్టంతా మా దగ్గునే వింటున్నట్టుండేది.

అప్పుడే మామకు జ్వరం వచ్చింది. ఒళ్లు పెనంలా కాలింది. మాత్రలు వేశాను, తడిగుడ్డ వేశాను, ఎవరికీ చెప్పలేదు. పక్క వీధిలో ఒక గదిని బయటి నుంచి మూసేసి, ఉన్నవాళ్లందరినీ ఆసుపత్రి బండెక్కించారని విన్నాం. వాళ్ల సామాను తరువాత వరండాలో కుప్పగా కనిపించింది. బెన్ అని మేం పిలిచే ఇంటి ఓనరమ్మ పొద్దున్నే గది గదికీ వచ్చి ఎవరికైనా బుఖార్, అంటే జ్వరం, ఉందా అని అడిగిపోయేది. మా దగ్గర జ్వరముందని తెలిస్తే మామ పోతాడు, గదీ పోతుంది. మా ముగ్గురి భయమూ అదే.

దగ్గుకు కొంగు అడ్డం పెట్టుకోవచ్చు. మాటలను ఏం చేయాలి? నోరు మంచిదైతే ఊరు మంచిదంటారు. మావాళ్లది మంచి నోరే, కాకపోతే ఊరంతటికీ వినపడేది. సాంచాల మోతలో ఏళ్లకేళ్లు నిలబడి ఇద్దరి చెవులూ మందగించాయి. వాళ్లు గుసగుసలాడితే నాలుగిళ్ల అవతల పలుకుతుంది, ఆ సంగతి వాళ్లకు తెలియదు. అందుకే ఇంట్లో నోరు తెరవొద్దని ఒట్టు వేయించుకున్నాను. కార్ఖానాలో మోత మధ్య చేతులతో మాట్లాడుకుంటారు కదా, అలాగే మాట్లాడుకోమన్నాను. బొటనవేలు పెదవికి తాకిస్తే నీళ్లు. అరచేయి కిందికి దించితే సాంచ ఆపు. వేలు కంటి కింద పెట్టి, తన సాంచ వైపు చూపి, అరచేయి తిప్పితే, నాది జర చూస్తుండు, ఇప్పుడే వస్తా అని.

ఆ పొద్దున బెన్ తలుపు కొట్టింది. ముక్కుకు చున్నీ కట్టుకుంది.

"కిసీ కో బుఖార్ హై క్యా?"

"నహీ బెన్" అన్నాను. మామ దుప్పటి కింద దగ్గును బిగబట్టుకుని ఉన్నాడు. బెన్ నా ముఖం చూసింది, తల ఊపి మెట్లు దిగింది. తలుపు దగ్గరికి వేశాను. గండం గడిచిందని ప్రాణం లేచొచ్చింది.

మా ఆయనకు కూడా అలాగే అనిపించి ఉంటుంది. వంగి మామ చెవి దగ్గర నోరు పెట్టాడు. ఆయన లెక్కలో అది గుసగుసే.

"కాకా, బుఖార్ దిగిందా?"

మెట్ల మీద చెప్పుల చప్పుడు ఆగింది. మళ్లీ కిందికి వెళ్లింది, ఈసారి గబగబా.

మా ఆయన నా ముఖం చూశాక గానీ ఏం జరిగిందో గ్రహించలేదు.

బెన్‌ను ఎంత తిట్టుకున్నానో చెప్పలేను. ఆమె ఇంట్లోనూ మంచాన పడ్డ అత్తగారుంది, భయపడకుండా ఎలా ఉంటుంది? అది తెలిసి కూడా తిట్టుకున్నాను.

బండి వచ్చింది. మామ తనంతట తానే మెట్లు దిగాడు, ఒక్కో మెట్టుకూ ఆగుతూ. మమ్మల్ని వరండా దాటనివ్వలేదు. బండి ఎక్కాక వెనక్కి తిరిగి మా ఆయన వైపు చూశాడు. వేలు కంటి కింద పెట్టాడు. కార్ఖానా వైపు చూపాడు. అరచేయి తిప్పాడు.

మామ తిరిగి రాలేదు. ఆసుపత్రివాళ్లు ఆఖరికి ముఖం కూడా మాకు చూపించలేదు. గది మాత్రం పోలేదు. బెన్ మమ్మల్ని ఖాళీ చేయమనలేదు, చాలాకాలం నా కళ్లలోకి చూడనూ లేదు.

సాంచాలు తెరిచాక మా ఆయన పగటి పాళీ వదిలేసి, మామ సాంచాలే కావాలని అడిగి రాత్రికి మారాడు. ఒక్క జీతంతో గది నిలవదు. పగటి పాళీకి జగిత్యాల దిక్కు నుంచి వచ్చిన, మీసాలు నెరిసిన ఒక మనిషిని గదిలో చేర్చుకున్నాం. మామ పడుకున్న చోటే ఆయన సంచి పెట్టాడు. గ్లాసులు మళ్లీ గలగలమంటున్నాయి.

ఆయన కూడా సాంచాల మనిషే, గట్టిగా మాట్లాడతాడు. వచ్చిన రోజు ఏదో అడుగుతుంటే మా ఆయన అరచేయి కిందికి దించి చూపాడు, అన్నం తిని, నోరు తెరవకుండానే పనికి వెళ్లిపోయాడు.

కొత్తాయన నా వైపు తిరిగాడు. "ఏంది చెల్లె, తమ్మునికి మాటలు రావా?"

"వస్తయన్నా" అన్నాను. "బాగ గట్టిగ వస్తయి."