కాన్‌స్ట్ రాయని పట్టిక

ఆ రోజుల్లో, మెడలో ఐడీ కార్డు వేలాడేసుకుని హైటెక్ సిటీలో తిరిగే కొత్తలో, తప్పులన్నీ పక్కవాళ్ల దగ్గరే ఉంటాయని గట్టిగా నమ్మేవాణ్ణి. (ఆ కార్డు వేసుకునే ఓ పెళ్లి భోజనానికీ వెళ్లాను, మరిచిపోయి మాత్రం కాదు.) మందుల ఫ్రిజ్‌లో చలి ఎంతుందో చూపించే చిన్న పరికరానికి సి భాషలో ప్రోగ్రామ్ రాయడం నా పని. సెన్సర్ ఇచ్చే అంకెను డిగ్రీలుగా మార్చడానికి ఓ పొడవాటి పట్టిక రాశాను. అంతా బాగానే నడిచేది కానీ, అలారం మోగిందంటే చాలు, ఫ్రిజ్ లోపల తొంభై డిగ్రీలని చూపించేది. నా ప్రోగ్రామ్ వైపు కన్నెత్తి చూడకుండా, "బోర్డు సోల్డరింగ్ బాలేదు" అని మెయిల్ కొట్టాను.

ఆ సోల్డరింగ్, అంటే బోర్డు మీద భాగాలను కరిగించిన లోహంతో అతికే పని, చేసేది జీడిమెట్ల యూనిట్‌లోని ఓ అక్క. నా మెయిల్ దెబ్బకి పదేళ్లుగా చేస్తున్న పని నుంచి తీసి ఆమెను ప్యాకింగ్‌లో వేశారు. మర్నాడే రెండు బస్సులు మారి, బోర్డు పట్టుకుని మా ఆఫీసుకొచ్చింది. "సార్, అన్నీ మళ్ల సోల్డర్ చేసిన. జర చూడుండ్రి." అలారం మోగించి చూశాం. మళ్లీ తొంభై. నోరు మూసుకోవాల్సింది పోయి, ఆమెకు పాఠం మొదలుపెట్టాను. "చూడండక్కా, చిప్‌లో రెండు చోట్లుంటాయి. మారని విలువలు ఫ్లాష్‌లో భద్రంగా ఉంటాయి. మారేవి ర్యామ్‌లో ఉంటాయి, అది చాలా ఇరుకు."

"మరి మీ పట్టిక మారుతదా సార్?"

"మారదు."

"గట్లయితే ఫ్లాష్‌ల ఉంటది గద. చూపిస్తరా?"

నేను రాసినదాన్ని చిప్ భాషలోకి మార్చే కంపైలర్, దేన్ని ఎక్కడ పెట్టిందో రాసిచ్చే జాబితాను దర్జాగా తెరిచాను. నా పట్టిక ర్యామ్‌లో కూర్చునుంది. పట్టికకు ముందు, ఇది మారదని చెప్పే కాన్‌స్ట్ అనే మాట రాయలేదు నేను. మారదని చెప్పకపోతే కంపైలర్‌కు మాత్రం ఎలా తెలుస్తుంది? ఆన్ చేయగానే పరికరం పట్టికను ర్యామ్‌లోకి దింపేది, అలారం మోగేసరికి లోపలి పనులన్నిటికీ చోటు చాలక దాని మీదే రాసేసుకునేవి.

"మంచిగనే ఉందా సార్?" అంది, తెర మీది ఇంగ్లిష్ అక్షరాలు చూస్తూ.

"ఉందక్కా. మీరెళ్లండి, నేను చూసుకుంటాను" అన్నాను. ఇది రాస్తుంటే ఇప్పటికీ సిగ్గేస్తోంది.

ఆమె వెళ్లగానే ఆ ఒక్క మాట చేర్చాను. అలారం మోగినా నాలుగు డిగ్రీలే. "సమస్య తీరింది" అని మెయిల్ పెట్టాను, సమస్య ఎవరిదో రాయలేదు. మేనేజర్ అందరి ముందూ మెచ్చుకున్నారు. మూడు రోజులు అన్నం సయించలేదు. నాలుగో రోజు జీడిమెట్ల వెళ్లి, వాళ్ల సూపర్‌వైజర్ ఎదుటే "తప్పు నాది, అక్కది కాదు" అని చెప్పేశాను.

అక్క అట్టపెట్టెకు టేపు అంటిస్తూనే ఉంది. "నాకు ఆనాడే తెల్సింది సార్. మీ చెవులు ఎర్రగైనయి. మీరే చెప్తరని చూసిన."

మర్నాడే ఆమె తన సోల్డరింగ్ బల్ల దగ్గరికి తిరిగి వెళ్లింది. నేనూ పెద్దవాణ్ణయ్యాను, ఇప్పుడు నలుగురి ప్రోగ్రాములు దిద్దుతున్నాను. పట్టిక రాయాల్సొస్తే మాత్రం, దాని పేరుకన్నా ముందు ఆ మాట కొట్టి, ఓసారి చెవి తడుముకుంటాను. ఇంకా కాస్త వెచ్చగానే ఉంటుంది.