గంధం బొట్టు, గాలి బుడగ

దసరా మర్నాడు డయాలసిస్ కుర్చీ ఎక్కబోతుంటే యంత్రం నన్ను వద్దంది.

వారానికి మూడుసార్లు నా నెత్తురంతా దాని గుండా వెళ్ళి వస్తుంది. పండగ సెలవుతో ఒక విడత తప్పింది. కాళ్ళు అరటిబోదెల్లా వాచాయి, వెల్లకిలా పడుకుంటే ఊపిరాడటం లేదు. మిగతా కుర్చీలన్నీ నిండిపోయాయి. అయినా నిటారుగానే నిలబడ్డాను. చితికిపోయిన జమీలో నా వాటాకు వచ్చింది ఈ వెన్నెముక ఒక్కటే.

గొట్టంలో గాలి ఉందని తెర మీద ఎర్రదీపం. చూస్తే సెలైన్ తప్ప ఏమీ లేదు. టెక్నీషియన్ అమ్మాయి, జాలరుల ఇంటి పిల్ల, కిందటి వారం సాఫ్ట్‌వేర్ మార్చిన దగ్గర్నుంచీ దీనికి తిక్కెక్కిందని తేల్చింది. అది అన్ని పరీక్షలూ నెగ్గిందన్న కాగితం మాత్రం గోడ మీద దర్జాగా ఉంది.

"అలారం ఆపీసి ఎక్కించీనా బాబుగారూ? తమరి పేనం మీదికొస్తన్నాది."

నోటిదాకా వచ్చిన సరేను మింగాను. మా తాతగారు నాగావళి ఒడ్డునే బియ్యం మిల్లు కడతానంటే దివాను నుంచి వంటవాడి దాకా అందరూ చిత్తం అన్నారు. మొదటి వరదకే మిల్లు పోయింది. అంతకు ముందూ ఏళ్ళ తరబడి చిత్తమే అన్నారు, ఏ ముప్పూ రాలేదు కనుక అంతా భద్రమనే అనుకున్నారు.

"ఆపకు. ఎందుకు వద్దంటోందో చూడు," అన్నాను.

గొట్టాన్ని పట్టి ఉంచే మూత తీసింది. లోపల నిన్నటి ఆయుధపూజ గంధం. యంత్రానికి నుదురెక్కడో తెలియక మెరిసిన చోటల్లా తనే బొట్లు పెట్టిందట. ఒకటి గాలిని కనిపెట్టే కన్ను మీదే ఎండిపోయింది. కన్ను కనబడనప్పుడు పని ఆపేసిన బుద్ధిమంతులు మా వంశంలో ఎవరూ లేరు.

తుడిచాక దీపం పచ్చబడింది. నేను కూర్చోలేదు. పచ్చదీపం కూడా చిత్తమే కదా. కావాలని గాలి ఎక్కించి చూడమన్నాను. విసుక్కుంటూనే సిరంజితో గొట్టంలోకి బుడగ వదిలింది. యంత్రం కీచుమని అరిచి, గొట్టాన్ని పటుక్కున నొక్కేసింది. మళ్ళీ చేయించాను. మళ్ళీ అరిచింది. మూడోసారి కుర్చీ పట్టుకుని నిలబడి చేయించాను. అప్పుడూ అరిచింది.

నాలుగోసారీ అరుస్తుందా? ఏమో. అందుకే, ఇక మీదట నేను వచ్చినప్పుడల్లా నా కళ్ళ ముందు బుడగ వెయ్యమని ఆజ్ఞాపించి, గొట్టంలోని గాలంతా తీసేయించి, చెయ్యి చాపాను.

"అలాగే ఏస్తాను. వచ్చే దసరాకి గందం తమరి నుదుటికే ఎడతాను. ముందు కూకోండి."

కూర్చున్నాను.