ఆక్సిజన్ ఆఖర్లో ఎందుకు?

కనేరిలో మరమగ్గాల షెడ్డు, మా మాటల్లో సాంచల షెడ్డు, వెనకే మా ఇల్లు. నేను బీఎస్సీ. ఈ సంగతి ఇంట్లో అందరికీ తెలుసు, ఎవరూ మరిచిపోకుండా నేనే చూసుకుంటాను. మా అమ్మాయి ఇప్పుడు పన్నెండో తరగతి, ఇన్నాళ్లూ నా దగ్గరే చదువుకుంది. అక్క, అంటే మా బావగారి భార్య, ఐదో తరగతితో ఆపేసి ఏళ్ల తరబడి మగ్గాలకు నూలు కండెలు చుడుతోంది. చదువు నాది, చేతిపని ఆమెది. ఈ పంపకం నాకు హాయిగా ఉండేది.

మొన్న అమ్మాయి జీవకణం పాఠం తెచ్చింది. తిండి నుంచి వచ్చిన ఎలక్ట్రాన్లు మైటోకాండ్రియా లోపలి పొరలో మెట్టు మెట్టుగా దిగుతాయి. ఆ ఊపుకు ప్రోటాన్లు పొర బయట పోగవుతాయి. అవి మళ్లీ లోపలికి దూసుకొస్తూ ఒక చక్రాన్ని తిప్పితే ఏటీపీ, అంటే కణానికి కావలసిన శక్తి, తయారవుతుంది. ఇంతవరకూ గడగడా చెప్పాను.

"మరి ఆక్సిజన్ ఎందుకమ్మా?"

"అది కరెంటు లెక్క. కరెంటు లేకుంటే సాంచ నడుస్తదా?"

"కరెంటు షురూలనే వస్తది గద. ఆక్సిజన్ ఆఖర్ల ఉన్నది!"

ఆక్సిజన్ గురించి చెబుతూ నాకే ఊపిరాడలేదు. కండెలు చుడుతున్న అక్క తలెత్తకుండానే అడిగింది.

"ఆఖర్ల ఉండి ఏం జేస్తదే అది?"

"వచ్చిన ఎలక్ట్రాన్లను తీసుకుంటది పెద్దమ్మా. నీళ్లు తయారైతయి."

"గంతేనా! నేసిన బట్టను రోలర్ గుంజుకోకుంటే ఏమైతది? ఎనకదంతా జామ్. కరెంటుండి ఏం ఫాయిదా?"

అమ్మాయి ఎగిరి ఆమె మెడకు చుట్టుకుంది. నా కడుపు మండింది. కణాలు తిండిని కాల్చే మంట కాదది, పాఠంలో లేనిది.

మర్నాటి నుంచి పుస్తకం మొదట పెద్దమ్మ ఒడిలోకే పోతోంది. అమ్మాయి ఆమెకు చదివి వినిపిస్తోంది. నేను ఎర్ర పెన్ను పట్టుకుని అమ్మాయి గీసిన బొమ్మలో తప్పు వెతికాను. చక్రం దగ్గర ప్రోటాన్ల బాణం లోపలికి ఉంది. కొట్టేసి బయటికి తిప్పాను. హాయిగా అనిపించింది. వంటింట్లోకి వెళ్లాక గుర్తొచ్చింది, లోపలికే ఉండాలి.

"పెద్దమ్మకు చూపియ్యకు బిడ్డా" అని బతిమాలాను.

"చూపిన. 'మీ అమ్మ తొందర్ల గీసుంటది, అడగకు, నొచ్చుకుంటది' అన్నది."

తిట్టినా బాగుండేది.