కారు నడిపేది మా వారే అని రాశాను

నేను అబద్ధం ఆడానని రాతపూర్వకంగా తేల్చిన కాగితం ఒకటి మొన్న బుధవారం పోస్టులో వచ్చింది. పంపినది ఇన్సూరెన్సు కంపెనీ. నవ్వండి, ఫరవాలేదు, టీ చల్లారేలోగా మొత్తం చెబుతాను. ఒక్క మాట మాత్రం ముందే చెబుతున్నాను. తప్పు నాదే, కానీ తల వంచుకునే ఉద్దేశం లేదు.

కారు నాది. గుడివాడలో ఒక మిల్లు యజమాని అమ్ముతుంటే, ఏళ్ళ తరబడి జీతంలో మిగిల్చినదంతా పోసి సెకండ్ హాండ్‌లో కొన్నాను. నడిపేదీ నేనే. మా వారు బందరులో కాలేజీ పిల్లలకు లెక్కలు చెబుతారు, చర్చిలో సంఘ పెద్ద. ఆయనకూ లైసెన్సు ఉంది. పరీక్షనాడు నడిపిన రెండు ఫర్లాంగులే ఆయన డ్రైవింగు యావత్తూ. ఆ తర్వాత ఎప్పుడూ వెనక సీటే. ఒక చేతిలో గొడుగు, రెండో చేత్తో ముందు సీటు గట్టిగా పట్టుకుని, "సుగుణా, ఎదర గేదె" అని అరమైలు ముందే హెచ్చరిస్తారు.

ఇన్సూరెన్సు ఫారంలో ఒక గడి ఉంటుంది: కారును సాధారణంగా నడుపువారు ఎవరు? నేను పెన్ను మూత తీశానో లేదో, ఏజెంటు ప్రకాశరావు గారు కుర్చీలోంచి లేచారు.

"అమ్మగారూ, ఆగండాగండి! మీ పేరు రాయకండి."

"ఏం? నడిపేది నేనేగా?"

"నిజమేనండీ. కానీ లేడీ డ్రైవరంటే పైవాళ్ళు ఒప్పుకోరండీ. ఒప్పుకున్నా రేటు పెంచేస్తారు. మేష్టారి పేరు పెట్టేయండి, ఎవరొచ్చి చూస్తారు?"

నా సంగతి మీకు తెలుసు. హైస్కూల్లో చరిత్ర చెబుతాను. ఫలానా రాజు ఫలానా కోట కట్టించాడంటే, ఎక్కడ రాసుంది, రాసినవాడు ఎవరి దగ్గర జీతం తీసుకున్నాడు అని అడగందే ఊరుకోను. ఈ ఊళ్ళో డచ్చివాళ్ళ సమాధుల మీది తేదీలను సైతం రెండో ఆధారం దొరికితే తప్ప నమ్మను. అటువంటిదాన్ని ఆ రేటు మాట మీద ప్రకాశరావు గారిని మాత్రం ఒక్క ప్రశ్న అడగలేదు! మా వారి పేరు గుండ్రంగా, ముచ్చటగా రాశాను.

"ఇది అబద్ధం కదూ?" అన్నారు మా వారు.

"కాదండీ, ఫారం నింపడం" అన్నాను.

శనివారం మాకు ఒంటిపూట బడి. ఆ మధ్యాహ్నం దివిసీమ వెళ్ళి ఏదో ఒక పాత రాయిని చూసి రావడం నాకు మూడేళ్ళుగా అలవాటు. ఇప్పుడు మినుముల కాలం. పీకిన మొక్కలను ఎండబెట్టి రైతులు తారురోడ్డు మీద పరుస్తారు; బస్సులూ బళ్ళూ తొక్కితే కాయ పగిలి గింజ రాలుతుంది. పోయిన నెలలో ఒక శనివారం హంసలదీవి బయలుదేరాం. చల్లపల్లి ఇంకా రెండు మైళ్ళుందనగా అలా పరిచిన ఎండు మొక్కల మీదికి కారు ఎక్కింది. సరిగ్గా అప్పుడే పక్కనుంచి ఒక దూడ గంతులేసుకుంటూ వచ్చింది. బ్రేకు తొక్కాను. చక్రాలు ఆగాయి, కారు ఆగలేదు! సర్రున జారి, గట్టు దిగి, కాలువలో ముక్కు ముంచి నిలబడింది.

"సుగుణా, కాలువ" అన్నారు మా వారు. అప్పటికి నా చెప్పులు నీళ్ళ మీద తేలుతున్నాయి.

ఎవరికీ దెబ్బ తగల్లేదు. దూడ గట్టు మీద నిలబడి తీరిగ్గా చూసింది. రైతులు నాలుగు ఎడ్లను కట్టి కారును బయటికి లాగారు. ముందు భాగమంతా నొక్కుకుపోయింది, ఇంజనులో బురద.

"కంపెనీ ఇవ్వకపోతే మాత్రం కారు అమ్మేయడమే" అని మా వారు ఆ రాత్రే తీర్పు చెప్పారు. ఇక నా శనివారాలన్నీ ఆ క్లెయిము మీదే ఆధారపడ్డాయి. ప్రకాశరావు గారు వచ్చి, ముందు రాసినదానికి తేడా రాకూడదని, ప్రమాద సమయంలో నడిపినది మేష్టారే అని క్లెయిము ఫారం పూర్తి చేశారు.

"ఆదివారం చర్చిలో ప్రభు బల్ల దగ్గర నిలబడేవాణ్ణి. నేను సంతకం పెట్టను" అన్నారు మా వారు.

"మీరు పెట్టక్కర్లేదు. కారు నాది, సంతకం నాది. మీరు మాట్లాడకుండా ఉంటే చాలు."

బెజవాడ నుంచి నష్టం చూసి లెక్కకట్టే సర్వేయరు వచ్చాడు. కుర్రవాడే గానీ మహా నిదానం. ప్రమాదం జరిగిన చోటు చూడాలన్నాడు. ప్రకాశరావు గారితో కలిసి అందరం గట్టు మీద నిలబడ్డాం.

"మేష్టారూ, నడిపింది మీరేనా అండీ?"

"నేను కారులో ఉన్నానండీ."

"అది సరే. స్టీరింగు దగ్గర?"

మా వారు కాలువ వంక చూశారు. "దగ్గర్లోనే."

"ఎంత దగ్గర్లో అండీ?"

"ఒక సీటు దూరంలో."

సర్వేయరు పెన్సిలు ఆగింది. ఇంతలో ఆ మినుముల రైతు సుబ్బయ్య తలగుడ్డ విప్పుకుంటూ వచ్చాడు.

"ఆయన నడపడమేంటి బాబూ! పంతులమ్మ గారు కదా! శనివారం రెండింటికి ఆవిడ కారు వస్తదనే కదా మేం పరిచేది! బస్సుని నమ్మలేమండీ, వస్తే వచ్చినట్టు. ఈవిడ ఠంచనుగా వస్తారు, అంతా సమంగా తొక్కుతారు. పోయినేడు మా మినుములు సగం ఈవిడ నూర్చినవే!"

"మా పెసలు కూడానండీ" అన్నాడు వెనక నుంచి ఇంకొకడు. "అయ్యగారు ఎనకాల గొడుగట్టుకుని కూకుంటారు."

ఇన్నేళ్ళ పాఠాల్లో ఏ సంఘటనకూ నాకు అంతమంది ప్రత్యక్ష సాక్షులు దొరకలేదు. ఇక దాచి ఏం లాభం?

"రాసుకో బాబూ" అన్నాను. "నడిపింది నేనే. మూడేళ్ళుగా నేనే. ఇంతవరకు ఒక కోడిపిల్లను కూడా తొక్కలేదు. ఆడదాని పేరు రాస్తే రేటు పెంచే రూలు మీరు పెట్టుకోబట్టి ఆయన పేరు రాశాను. మీ రూలు సక్రమంగా ఉంటే నా రాతా సక్రమంగానే ఉండేది!"

సర్వేయరు అమాయకంగా నా వంక చూశాడు.

"ఆ రూలు ఎక్కడ రాసుందండీ?"

ప్రకాశరావు గారి వైపు తిరిగాను. ఆయన కాలువలో చేపలను పరీక్షిస్తున్నారు.

"అలా అని అంటారండీ" అన్నారు చివరికి.

"ఎవరు?"

"అందరూనండీ."

"రేటు కారును బట్టేనండీ" అన్నాడు సర్వేయరు. "ఆడా మగా తేడా లేదు. మీ పేరే రాసి ఉంటే అంతే కట్టేవారు, ఇప్పుడు మొత్తం వచ్చేది. నడిపేవారి పేరు తప్పు చెప్పారు గనక రాదు."

బుధవారం ఉత్తరంలో ఉన్నదీ అదే, ఇంకాస్త మర్యాద తక్కువగా. "అమ్మేద్దామా?" అన్నారు మా వారు. "చస్తే అమ్మను" అన్నాను. రెండేళ్ళపాటు కొత్త చీర కొననని చెప్పి బాగుచేయడానికి ఇచ్చాను. నిన్న సాయంత్రం కొత్త ఫారం తెప్పించి, నడుపువారి గడిలో నా పేరు పక్క గడిలోకి పొంగేంత పెద్ద అక్షరాలతో రాశాను. దాని కిందే ఇంకో గడి: పై వ్యక్తి చేతిలో ఇదివరకు ప్రమాదాలేమైనా జరిగినవా? ఈసారి నిజమే రాయాలని ఒట్టు పెట్టుకున్నాను! మినప మొక్కలు, దూడ, కాలువ, ఏదీ వదల్లేదు. చోటు చాలక విడి కాగితం కూడా జతచేశాను.

మా వారు కళ్ళజోడు సవరించుకుని రెండు పేజీలూ చదివారు.

"చూశావా సుగుణా, మొత్తం బందరులో ఈ గడిలో 'లేవు' అని ధైర్యంగా రాయగలవాణ్ణి నేనొక్కణ్ణే."

కాదనలేను. అంత మచ్చలేని డ్రైవరు గారు వచ్చే శనివారం కూడా వెనక సీట్లోనే కూర్చుంటారు. కారును కాలువలో దింపిన నేనే నడుపుతాను.